ఆ హోరు ఎవరిది?



ఈ పూట నేను మాట్లాడబోయేది మనలో చాలామంది చెవిన పడని సంగీతం గురించి. 1960ల చివర్లో, 70లలో జపాన్ కుర్రాళ్లు కొందరు ఎలక్ట్రిక్ గిటార్లు పట్టుకుని, పెద్ద రికార్డు కంపెనీల గడప తొక్కకుండా, కాఫీ హోటళ్లలోనూ కాలేజీ హాళ్లలోనూ వాయించిన రాక్ సంగీతం అది. సైకెడెలిక్ రాక్ అంటారు. ఒక పల్లవి, మూడు చరణాలు పాడేసి దిగిపోవడం అక్కడ ఉండదు. వినేవాళ్లను శబ్దంలో ముంచెత్తి టైమెంతయిందో మరిచిపోయేలా చేయాలి. ఒక్కో పాట పావుగంట, ఇరవై నిమిషాలు సాగుతుంది. ఆ రోజుల్లో ఆ రికార్డులు కొన్నవాళ్లు కొద్దిమందే. అసలు రికార్డయినా కాని బ్యాండ్లు కూడా ఉన్నాయి. ఇప్పుడు, అర్ధ శతాబ్దం తర్వాత, అవి ఒక్కొక్కటిగా కొత్త ముద్రణకు వస్తున్నాయి. ఆ పని ఎలా జరుగుతోంది, ఎలా జరగాలి అన్నది నా ప్రసంగ విషయం.

ముందు ఒక బ్యాండు కథ చెబుతాను. 1967లో క్యోటో నగరంలోని దోషిషా విశ్వవిద్యాలయంలో కొందరు విద్యార్థులు కలిసి ఒక బ్యాండు పెట్టారు. పేరు హదాకా నో రారీజు. ఫ్రెంచి పద్ధతిలో లే రలీజ్ దెన్యుదే అని రాసుకునేవారు. నాయకుడు తకాషి మిజుతాని. గిటారూ ఆయనదే, గొంతూ ఆయనదే. అవి జపాన్ విశ్వవిద్యాలయాలు విద్యార్థి ఉద్యమాలతో అట్టుడికిపోతున్న రోజులు. బ్యాండులో మొదట్లో బేస్ గిటారు వాయించిన మోరియాకి వకబయాషి ఆ ఉద్యమాల్లో దూరం వెళ్లిపోయాడు. 1970 మార్చి 31న టోక్యో నుంచి ఫుకుఓకాకు బయల్దేరిన జపాన్ ఎయిర్‌లైన్స్ విమానాన్ని హైజాక్ చేసి ఉత్తర కొరియాకు మళ్లించిన తొమ్మిది మందిలో అతనొకడు.

ఈ బ్యాండు పేరెత్తితే చాలు, ఎవరైనా మొదట చెప్పేది ఈ హైజాక్ సంగతే. నాకది బాధగా ఉంటుంది. మిజుతాని 1967 నుంచి 1996 దాకా, దాదాపు ముప్పై ఏళ్లు, అదే పేరుతో వేదికలెక్కాడు. అన్నేళ్ల సంగీతం పక్కకుపోయి, ఎప్పుడో బ్యాండు వదిలిపోయిన మనిషి చేసిన పని ముందుకొచ్చింది. దానికి ఒక కారణం ఉంది. సంగీతం గురించి మాట్లాడదామంటే వినడానికి రికార్డు దొరకాలి కదా!

టోక్యో శివార్లలో కిచిజోజి అనే పేట ఉంది. అక్కడ 1972, 73లలో ఓజ్ అని ఒక చిన్న చోటు నడిచింది. ఏడాది పైచిలుకు బతికింది, అంతే. మూతపడేటప్పుడు అక్కడ వాయించిన బ్యాండ్ల పాటలతో ఓజ్ డేస్ లైవ్ అని రెండు ఎల్పీల సంపుటి ఒకటి సొంతంగా అచ్చువేశారు. నాలుగు ముఖాల్లో ఒక ముఖం రారీజుది. ఆ తర్వాత పద్దెనిమిదేళ్లు వాళ్ల పేరుతో అధికారికంగా ఇంకేమీ రాలేదు. 1991లో మిజుతాని ఒక్కసారిగా మూడు సీడీలు విడుదల చేశాడు. కొద్ది కాపీలే వేశారు. అవీ అయిపోయాయి. మళ్లీ మౌనం.

ఆ ఖాళీలోకి వచ్చినవి దొంగ ముద్రణలు. కచేరీకి వచ్చిన వాళ్లెవరో క్యాసెట్ రికార్డరు ఒళ్లో పెట్టుకుని పట్టుకొచ్చిన పాట, దాన్ని ఇంకొకరు కాపీ చేసుకుంటే, ఆ కాపీ నుంచి మరొకరు. అలా చేతులు మారి మారి చివరికి ఎక్కడో సీడీగా, ఎల్పీగా అచ్చయ్యేది. మిజుతానికి చెప్పినవాళ్లు లేరు, పైసా ఇచ్చినవాళ్లూ లేరు. ఈ దొంగ ముద్రణల్లో అన్నిటికన్నా పేరు మోసింది హెవియర్ దాన్ ఎ డెత్ ఇన్ ది ఫ్యామిలీ. అందులో ఎక్కువ భాగం 1977 మార్చి 12న టోక్యో పక్కన తచికవలో జరిగిన కచేరీ. 1991లో మిజుతాని స్వయంగా విడుదల చేసిన సీడీల్లో ఒకదానిలో ఉన్నదీ అదే కచేరీ. అసలు ముద్రణ దొరక్క ప్రపంచమంతా నకలునే విన్నది.

క్యాసెట్ నుంచి క్యాసెట్‌కు కాపీ చేయడమంటే జిరాక్సుకు జిరాక్సు తీయడమే. ప్రతిసారీ తాళాల ఝణఝణ, గిటారు తీగ మీది గీరు లాంటి సన్నటి ధ్వనులు ముందు పోతాయి. టేపు చేసే సుస్సుమనే రొద పెరుగుతుంది. ఒక యంత్రం కాస్త వేగంగా, ఒకటి కాస్త నిదానంగా తిరుగుతుంది కాబట్టి శ్రుతి కూడా జారుతుంది. మూడు నాలుగు చేతులు మారాక మిగిలేది బేస్ గిటారు దడదడ, దాని మీద మబ్బులా కమ్మిన హోరు. ఇరవై ముప్పై ఏళ్లు ప్రపంచం విన్న రారీజు ఇదే. ఆ మసకే వాళ్ల శైలి అని నమ్మారు. దాన్ని మెచ్చి వ్యాసాలు రాశారు. దాన్ని అనుకరిస్తూ తర్వాతి తరం బ్యాండ్లు తమ రికార్డులను కావాలని మసకబార్చుకున్నాయి.

అయితే ఆ హోరు ఎవరిది? మిజుతానిదా, టేపుదా? అరుదైన పాత రికార్డింగులను తిరిగి ముద్రించడమంటే, నా దృష్టిలో, ఈ ప్రశ్నకు నిజాయితీగా జవాబు వెతకడం.

2021 అక్టోబరులో ఒక ప్రకటన వచ్చింది. మిజుతాని 2019లోనే కన్నుమూశాడని, ఆయన పాటల బాధ్యత ఇకపై ది లాస్ట్ వన్ మ్యూజీక్ అనే సంస్థ చూస్తుందని. 1970ల మొదట్లో ఆ బ్యాండులో వాయించిన మకోతో కుబోతా టేపుల పని భుజానికెత్తుకున్నాడు. కుబోతా తర్వాత సొంత బ్యాండుతో, నిర్మాతగా జపాన్‌లో బాగా పేరు తెచ్చుకున్న మనిషి. ఆయన మాస్టరింగ్ చేసిన ది ఓజ్ టేప్స్ 2022లో లాస్ ఏంజెలెస్‌లోని టెంపొరల్ డ్రిఫ్ట్ అనే చిన్న కంపెనీ ద్వారా వెలువడింది. ఆ వెంటనే 1991 నాటి మూడు సీడీలూ ఎల్పీలుగా వచ్చాయి. ఆపైన 1993లో కవసాకి ఊళ్లో క్లబ్ చిత్తాలో జరిగిన కచేరీ, 1980 అక్టోబరులో టోక్యోలోని యానేఉరాలో జరిగిన కచేరీ కూడా వచ్చాయి. ఈ రెండోదాంట్లో ఫుజియో యమగుచి గిటారు కూడా ఉంది. మురహచిబు బ్యాండులో పేరు తెచ్చుకుని వచ్చినవాడు. ఇద్దరు గిటారిస్టుల మధ్య ఏం జరుగుతోందో దొంగ కాపీల్లో పట్టుకోవడం కష్టం.

అధికారిక ముద్రణ విన్నప్పుడు నన్ను ఆశ్చర్యపరిచింది హోరు కాదు. ఆ హోరు చుట్టూ ఉన్న జాగా. డ్రమ్ము ఒక చోట ఉంది. బేస్ గిటారు అదే నాలుగు స్వరాల వరసను పట్టు విడవకుండా తిప్పుతోంది. మిజుతాని గొంతు మెత్తగా, దాదాపు సిగ్గుపడుతూ, ఎకోలో తేలుతూ వస్తోంది. తర్వాత గిటారు లేస్తుంది. అప్పుడు లేచే హోరు పూర్తిగా ఆయనది. యాంప్లిఫయరు ముందు నిలబడి, గిటారును ఏ కోణంలో తిప్పితే ఫీడ్‌బ్యాక్ ఏ స్వరంలో కూస్తుందో తెలిసిన చేయి అది. మసక తొలగించాక ఆ హోరు తగ్గలేదు, ఇంకా పెరిగింది. సన్నటి పౌనఃపున్యాలు వెనక్కి వచ్చాయి కాబట్టి మరింత కోసుకుపోతుంది.

ఈ పని చేసే చోట ఏం జరుగుతుందో కాస్త దగ్గరగా చూపిస్తాను. 1970ల మధ్య నుంచి తయారైన కొన్ని రకాల స్పూలు టేపులకు ఒక జబ్బుంది. ప్లాస్టిక్ పట్టీకి అయస్కాంత పొడిని అంటించి ఉంచే జిగురు గాల్లోని తేమను పీల్చుకుని జిడ్డుగా తయారవుతుంది. అలాంటి టేపును అలాగే యంత్రానికి ఎక్కిస్తే టేపును చదివే హెడ్డుకు అంటుకుని కీచుమంటుంది, పొడి రాలిపోతుంది. ఆ పొడే పాట. అది రాలిందంటే పాట పోయినట్టే. అందుకని ముందు టేపును సుమారు 54 డిగ్రీల సెల్సియస్ వేడిలో, ఆ వేడి ఎక్కువ తక్కువ కాకుండా, గంటల తరబడి ఉంచుతారు. తేమ పోయి జిగురు మళ్లీ గట్టిపడుతుంది. ఆ గట్టితనం శాశ్వతం కాదు. కొన్ని రోజులో వారాలో ఉంటుంది. ఈలోగా కాపీ తీసేయాలి. ఇంకా పాతవి, అసిటేట్ పట్టీ మీద చేసినవి ఉంటాయి. వాటిని పొరపాటున కూడా వేడి చేయకూడదు, పాడైపోతాయి. కాబట్టి పెట్టె తెరవగానే చేయాల్సిన మొదటి పని ఏ టేపో గుర్తుపట్టడం. వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూస్తారు. చుట్టలోంచి వెలుగు కనిపిస్తే అసిటేట్.

తర్వాత హెడ్డు కోణం సరిచేయాలి. టేపు ఏ యంత్రం మీద రికార్డయిందో ఆ యంత్రం హెడ్డు ఏ మాత్రం ఒరిగి ఉందో, ఇప్పుడు చదివే హెడ్డు కూడా సరిగ్గా అంతే ఒరగాలి. స్క్రూ డ్రైవరుతో వెంట్రుకవాసి తిప్పుతూ తాళాల శబ్దం ఎక్కడ తేటపడుతుందో చెవితో వింటారు. దీన్ని చేయకుండా కంప్యూటరులోకి ఎక్కించేసి తర్వాత సరిచేద్దామనుకుంటే, పోయిన ఆ సన్నని ధ్వని మళ్లీ పూర్తిగా రాదు.

ఇక వేగం. జపాన్ విషయంలో ఇక్కడో చక్కని ఆధారం ఉంది. ఆ దేశంలో కరెంటు రెండు రకాలు. 1890లలో టోక్యో వాళ్లు జర్మనీ జనరేటర్లు తెచ్చుకున్నారు, ఒసాకా వాళ్లు అమెరికావి తెచ్చుకున్నారు. అందువల్ల తూర్పున 50 హెర్ట్జ్, పడమట 60 హెర్ట్జ్. ఇవాళ్టికీ అంతే. రాక్ కచేరీలో యాంప్లిఫయర్ల నుంచి కరెంటు గుంయ్‌మనే శబ్దం సన్నగా వస్తూనే ఉంటుంది. పాటకూ పాటకూ మధ్య నిశ్శబ్దంలో అది టేపు మీద పడుతుంది. టోక్యోలో తీసిన టేపులో ఆ గుంయ్‌మనేది 50 దగ్గర ఉండాలి. కొలిస్తే 52 వచ్చిందంటే టేపు నూటికి నాలుగు వంతులు వేగంగా తిరుగుతున్నట్టు. అప్పుడు శ్రుతి అర స్వరానికి కాస్త తక్కువగా పైకి జరిగిందన్నమాట. అంత మేరకు తగ్గిస్తే గాయకుడి గొంతు తన అసలు వయసుకు, అసలు బరువుకు వస్తుంది. పెట్టె మీద ఊరి పేరు రాసి లేకపోయినా, అది క్యోటో టేపా, టోక్యో టేపా అన్నది ఆ గుంయ్‌కారమే చాలాసార్లు చెప్పేస్తుంది. పాత రికార్డింగులు బాగుచేసేవాళ్లకు ఇది తెలిసిన పద్ధతే. నాకు మాత్రం ఇది తలచుకున్నప్పుడల్లా ఒళ్లు పులకరిస్తుంది. ఎవరికీ అక్కర్లేని ఆ శబ్దం ఉండబట్టే అసలు పాట వేగం తెలుస్తోంది. శుభ్రం చేసే తొందరలో దాన్ని మొదటే తుడిచేస్తే కొలవడానికి ఏమీ మిగలదు.

శుభ్రం చేయడం గురించే ఇంకో మాట. కంప్యూటర్లు ఇప్పుడు ఎంత రొదనైనా తీసేయగలవు. తీసేకొద్దీ మోహం పెరుగుతుంది. కానీ తాళాల మోత, గది గోడల ప్రతిధ్వని, టేపు రొద ఒకే చోట కలిసి ఉంటాయి. రొదతోబాటు గది కూడా పోతుంది. మిగిలేది గాలి ఆడని సంగీతం. అందులోనూ ఈ బ్యాండ్ల విషయంలో రొద అంతా లోపం కాదు. తర్వాతి తరానికి చెందిన హై రైజ్ అనే టోక్యో బ్యాండు 1986లో తెచ్చిన రెండో రికార్డు చూడండి. రికార్డింగు మీటరు ముల్లు ఎర్ర గీత దాటిపోయేంత జోరుగా, ధ్వని చిట్లిపోయేలా, కావాలనే తీశారు. దాన్ని సరిచేయబోవడమంటే ఆ సంగీతకారుల నిర్ణయాన్ని చెరిపేయడం. 2018లో దాన్ని తిరిగి ముద్రించినవాళ్లు ఆ చిట్లడాన్ని చిట్లినట్టే ఉంచారు. మంచి పని చేశారు.

హై రైజ్ పేరు వచ్చింది కాబట్టి హిదేయో ఇకెయెజుమి గురించి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. టోక్యోలో మెయిదాయిమాయె స్టేషను దగ్గర మోడర్న్ మ్యూజిక్ అని చిన్న రికార్డుల దుకాణం నడిపేవాడు. 1984లో హై రైజ్ మొదటి రికార్డు సైకెడెలిక్ స్పీడ్ ఫ్రీక్స్‌ను ముద్రించడానికి తనే ఒక లేబుల్ పెట్టాడు. పీఎస్‌ఎఫ్ అన్న దాని పేరు ఆ రికార్డు పేరులోని పొడి అక్షరాలే. కేజి హైనో, ఆయన బ్యాండు ఫుషిత్సుషా, ఘోస్ట్, వైట్ హెవెన్, షిజుకా, యాసిడ్ మదర్స్ టెంపుల్ అందరూ ఆ గొడుగు కిందికి వచ్చారు. 1991లో ఆయన తెచ్చిన టోక్యో ఫ్లాష్‌బ్యాక్ అనే సంకలనం ఈ సంగీతానికి బయటి ప్రపంచంలో తలుపులు తెరిచింది. ఇకెయెజుమి 2017లో చనిపోయాడు. లాస్ ఏంజెలెస్‌లోని బ్లాక్ ఎడిషన్స్ ఆ లేబుల్ రికార్డులను ఆ ఏటి నుంచే వరసగా ఎల్పీలుగా తెస్తోంది.

వాళ్లు మొదట్లో తెచ్చిన వాటిలో ఒకటి హైనో 1981లో చేసిన వతాషి దాకె. ఎక్కువగా ఒక్క గొంతు, ఒక్క గిటారు. మధ్యమధ్య ఎంతసేపు ఆగుతాడో తెలియని నిశ్శబ్దాలు. నల్లటి అట్ట మీద ఆయన నీడలాంటి ఫొటో. కొత్త ముద్రణలో బంగారు, వెండి రంగు సిరాలతో ఆ అట్టను హైనో మొదట అనుకున్న తీరులో తీర్చారు. అట్ట గురించి ఇంత పట్టింపు ఎందుకని అనుకోవచ్చు. రేడియోలో పెరగని, సినిమాలో చేరని సంగీతం ఇది. దుకాణంలో అట్ట చూసి చేతిలోకి తీసుకున్నవాళ్లే దీని శ్రోతలయ్యారు. అట్ట కూడా పాటలో భాగమే. 1952లో పుట్టిన హైనో ఇప్పటికీ వాయిస్తున్నాడు. ఇది నా పాట, ఇలా ఉండాలి అని చెప్పడానికి మనిషి ఉన్నాడు. మిజుతాని విషయంలో ఆ అదృష్టం లేదు. ఆయన తరఫున విని నిర్ణయించాల్సింది కుబోతా ఒక్కడే.

పెద్ద కంపెనీల చేతిలో ఉన్న రికార్డుల సంగతి వేరు. ఫ్లవర్ ట్రావెలిన్ బ్యాండు 1971లో చేసిన సతోరి, అయిదు భాగాల ఒకే రచన, అట్లాంటిక్ లేబుల్ మీద వచ్చింది. అలాంటిది తిరిగి తేవాలంటే రికార్డింగు మీద హక్కున్న కంపెనీ దగ్గర ఒక అనుమతి, స్వరకర్తల హక్కులు చూసే సంఘం దగ్గర ఇంకొకటి తీసుకోవాలి. జపాన్‌లో రికార్డింగు హక్కు ఇదివరకు 50 ఏళ్లే. 2018 డిసెంబరు చివర్లో దాన్ని 70కి పెంచారు. మన దేశంలో 60. అంటే 1971 నాటి సతోరి మీద జపాన్‌లో 2041 దాకా హక్కు నడుస్తుంది. కంపెనీకి ఆ రికార్డు మీద ఆసక్తి లేకపోయినా ఇంకొకరు ముట్టుకోలేరు. కళాకారుడికి మేలు చేయాల్సిన చట్టం అతని పాటను గిడ్డంగిలో పెట్టి తాళం వేయడానికి కూడా పనికొస్తోంది. ముద్రణలో లేని రికార్డుకు కొన్నేళ్ల తర్వాత హక్కు వాయించినవాళ్ల చేతికి తిరిగి రావాలని నా అభిప్రాయం.

మన దేశం పేరు వచ్చింది కాబట్టి చెబుతున్నాను. ఓజ్ డేస్ లైవ్‌లో ఇంకో ముఖం మీద ఉన్నవాళ్ల పేరే తాజ్ మహల్ ట్రావెలర్స్. వయొలిన్ వాద్యకారుడు తకెహిసా కొసుగి నాయకత్వంలోని బృందం అది. 1971, 72లలో ఐరోపాలో కచేరీలు చేసి, ఒక ఫోక్స్‌వ్యాగన్ వ్యానులో నేల మీదుగా ప్రయాణం చేసి నిజంగానే తాజ్ మహల్ చేరుకున్నారు. ముందుగా రాసుకున్న పాట అంటూ ఉండదు. తంబూరా శ్రుతిలో కూర్చుని వినే అలవాటున్న మన చెవికి వాళ్లు అంత పరాయిగా అనిపించరు. వాళ్లు 1974లో చేసిన రెండు ఎల్పీల రికార్డు కూడా ఇప్పుడు కొత్త ముద్రణలో దొరుకుతోంది.

పాత ముద్రణలు కూడబెట్టుకున్నవాళ్లు కొందరికి ఈ కొత్త ముద్రణలు గిట్టవు. జపాన్ ఎల్పీ అట్టకు ఎడమ పక్క నిలువుగా ఓబీ అనే కాగితపు పట్టీ చుట్టి ఉంటుంది. ఆ పట్టీ చిరగకుండా ఉందా లేదా అన్నదాన్ని బట్టి ధర ఎన్నో రెట్లు మారిపోతుంది. ఆ డబ్బు ఒక సేకర్త జేబులోంచి ఇంకో సేకర్త జేబులోకి పోయేదే. వాయించిన చేతికి అందులో ఏమీ రాదు. కొత్త ముద్రణలో ఒప్పందం సరిగ్గా ఉంటే ప్రతి కాపీ మీదా వాళ్లకో, వాళ్ల కుటుంబానికో వాటా వెళుతుంది. దొంగ ముద్రణలే లేకపోతే రారీజు పేరు ఈపాటికి చెరిగిపోయేది కదా అనేవాళ్లున్నారు. అది నిజమే. కచేరీలో క్యాసెట్ పట్టుకుని కూర్చున్న ఆ అభిమానులకు నేను దండం పెడతాను. ఆ క్యాసెట్‌ను అచ్చేసి అమ్ముకున్నవాళ్లకు మాత్రం పెట్టలేను.

మీలో ఎవరికైనా వినాలనిపిస్తే తచికవ కచేరీతో మొదలుపెట్టకండి, బెదిరిపోతారు. 1991 నాటి మూడింటిలో మిజుతాని అన్న రికార్డు ముందు వినండి. అందులో చాలావరకు మెత్తని పాటలే. ఆ గొంతు మీకు అలవాటు కావాలి. తర్వాత ది ఓజ్ టేప్స్. దాని తర్వాత 1977 నాటి తచికవ కచేరీ. చెవులకు పెట్టుకునే హెడ్‌ఫోన్లు వద్దు, గదిలో స్పీకర్ల మీద వినండి. ధ్వని మొదట తక్కువలో పెట్టుకుని, ఇంట్లో వాళ్లు ఒప్పుకున్నంత మేరకు పెంచుకుంటూ పోండి. బేస్ గిటారు వరస పట్టుకుని కూర్చుంటే చాలు, గిటారు ఎంత దూరం వెళ్లినా మీరు దారి తప్పరు.